కారు బుర్ర మార్చేశారా?

సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, మీటరు రీడింగు చూస్తాం, టైర్లు చూస్తాం. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. అందులోనే ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే... తెలుసుకునేదెలా?

ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి కారు చూడ్డానికి వెళతారు. పిల్లలు వెనకసీట్లో ఎక్కి గంతులేస్తారు. ఆమె ఏసీ చల్లగా వస్తోందా లేదా అని చూస్తుంది. ఆయన టైరును కాలితో తన్ని చూస్తాడు. వెంట వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి, నాలుగుసార్లు రేజ్ చేసి ‘ఫర్వాలేదు సార్’ అంటాడు. ఇక ట్రయల్. ఆక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే కారు బాణంలా దూసుకుపోతుంది. ‘పదేళ్ల బండైనా పికప్ చూశారా!’ అంటాడు అమ్మేవాడు. బేరం కుదిరిపోతుంది.

ఆర్నెల్లు తిరక్కుండానే క్లచ్ స్లిప్పవుతుంది. ఆ తర్వాత టర్బో వంతు. ‘కంపెనీ బండి ఇంత తొందరగా పాడవదే’ అని మెకానిక్ తల గోక్కుంటాడు. నిజమే... అది కంపెనీ ఇచ్చిన పికప్ అయితే కదా!

సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో మీటరు వెనక్కి తిప్పడం పాత విద్య. యాక్సిడెంటైన బండికి డెంటింగు, పెయింటింగు చేయించి అమ్మడం అంతకన్నా పాతది. వాటిని పట్టుకోవడం మెకానిక్‌లకు అలవాటే. కంటికి కనిపించనిది ‘ట్యూనింగ్’. దీన్నే రీమ్యాపింగ్ అనీ అంటారు. ఇంజిన్‌లో ఒక్క నట్టు విప్పకుండా, దాని తీరునే మార్చేసే పని ఇది.

కొలతల పుస్తకం

ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి డీజిలు ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నది డ్రైవరు కాలు నేరుగా నిర్ణయించదు. కాలు చెప్పేది కోరిక మాత్రమే. తీర్చేది ఈసీయూ... అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్. అరచేతికన్నా కాస్త పెద్దదిగా ఉండే లోహపు డబ్బా అది. గాలి ఎంత వస్తోంది, నీళ్లు ఎంత వేడెక్కాయి, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది అని సెన్సర్లు క్షణక్షణం కబురు పంపుతుంటాయి. దాన్నిబట్టి ఈసీయూ తనలో ఉన్న అంకెల పట్టికలు చూసి పని చెబుతుంది. ఆ పట్టికలనే మ్యాప్‌లు అంటారు. ఇన్ని బియ్యానికి ఇన్ని నీళ్లు అని రాసిపెట్టుకున్న వంట పుస్తకం లాంటివన్నమాట.

కారు తయారీదారు ఈ కొలతల్ని అంచుదాకా రాయడు. నాణ్యతలేని డీజిలు పడొచ్చు, నడివేసవిలో ఘాట్ రోడ్డెక్కాల్సి రావొచ్చు, సర్వీసింగు ఆలస్యం కావొచ్చు. పొగ కూడా ప్రభుత్వం పెట్టిన హద్దుల్లోనే ఉండాలి. అందుకని కొంత వెసులుబాటు వదిలి రాస్తాడు. ట్యూనర్లు చేసేది ఆ వెసులుబాటును వాడేసుకోవడమే. డీజిలు కాస్త ఎక్కువ, టర్బో ఒత్తిడి కాస్త ఎక్కువ. టర్బో డీజిల్ కార్లలో 20 నుంచి 30 శాతం దాకా శక్తి పెరుగుతుందని వాళ్లు చెప్పే లెక్క. టర్బో లేని పెట్రోలు కార్లలో పెరిగేది చాలా తక్కువ. అందుకే ఈ అనుమానం ప్రధానంగా టర్బో ఉన్న బళ్ల మీదే పెట్టుకోవాలి.

శక్తి పెరిగితే మంచిదేగా అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చూడండి. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో వాడిన 1,248 సీసీ ఇంజిన్ 75 పీఎస్ శక్తిని, 190 న్యూటన్ మీటర్ల టార్క్‌ని ఇచ్చేది. అదే ఇంజిన్ ఎర్టిగాలో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. తేడా ఒక్క ప్రోగ్రాంలోనే లేదు. ఎర్టిగాకు టర్బోనే వేరే రకం పెట్టారు. కంపెనీ శక్తి పెంచాలనుకున్నప్పుడు విడిభాగమే మార్చింది. ట్యూనింగ్‌లో అలా కాదు... పాత టర్బో, పాత క్లచ్ మీదే కొత్త బరువు పడుతుంది.

మూడు దారులు

ఈసీయూలో మార్పు చేయడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. దేని ఆనవాళ్లు దానివే.

మొదటిది, స్టీరింగ్ కింద డ్రైవరు మోకాలి దగ్గరుండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్. సర్వీస్ సెంటర్లో లోపాలు వెతకడానికి కేబుల్ పెట్టేది అక్కడే. అక్కడే ల్యాప్‌టాప్ తగిలించి పాత ప్రోగ్రాం తీసి కొత్తది ఎక్కిస్తారు. బానెట్ ఎత్తే పనే లేదు. బయట ఏ గుర్తూ మిగలదు.

రెండోది, ఈసీయూని బండిలోంచి తీసి బల్లమీద పెట్టి చేసేది. కొన్ని రకాలకు తాళం గట్టిగా ఉంటుంది. వాటి మూత తెరిచి లోపలి బోర్డుకే తీగలు తగిలించాల్సి వస్తుంది. కంపెనీ ఆ మూతను జిగురుతో అతికిస్తుంది కాబట్టి తెరిస్తే గీతలు పడతాయి.

మూడోది ట్యూనింగ్ బాక్స్. ఇది అసలు ప్రోగ్రాంని ముట్టుకోదు. డీజిలు ఒత్తిడిని కొలిచే సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య దూరి అబద్ధం చెబుతుంది. ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువ ఉందని నమ్మించి ఎక్కువ పంపిస్తుంది. అమ్మేముందు ఐదు నిమిషాల్లో పీకేయొచ్చు.

శక్తి కోసమే కాదు, ఖర్చు తప్పించుకోవడానికీ ఈ పని చేసేవారున్నారు. పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి మొరాయించినా, మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ నిండిపోయినా కొత్తది వేయించాలంటే బిల్లు మోతే. అందుకని ఆ భాగాన్ని మూసేసి లేదా తీసేసి, హెచ్చరిక దీపం వెలగకుండా ప్రోగ్రాంలోనే నోరు నొక్కేస్తారు. కొత్త యజమానికి దీపం కనిపించదు, జబ్బు మాత్రం ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే

ట్యూనింగ్ చేయించినవాళ్లలో చాలామంది పాత ప్రోగ్రాంని దాచుకుంటారు. బండి అమ్మేముందు దాన్ని మళ్లీ ఎక్కించేస్తారు. అప్పుడు ఈసీయూని చదివితే అంతా కంపెనీదే! కానీ నాలుగేళ్లు అదనపు బరువు మోసిన క్లచ్, టర్బో, గేర్‌బాక్స్ కొత్తవైపోవు కదా. అంటే కొనేవారు వెతకాల్సింది ‘ఇప్పుడు ట్యూనై ఉందా’ అన్నదొక్కటే కాదు. ‘ఎప్పుడైనా అయిందా’ అన్నది కూడా. మొదటిదానికి కంప్యూటర్ జవాబిస్తుంది. రెండోదానికి బండి శరీరమే సాక్ష్యం చెప్పాలి.

ఏ ఒక్క పరీక్షా దీన్ని తేల్చి చెప్పలేదు. నాలుగైదు కలిపి చూస్తే మాత్రం బొమ్మ కనిపిస్తుంది.

ముందు నోటితో...

పైసా ఖర్చులేని పరీక్ష అడగడమే. ‘బండి కండిషన్ ఎలా ఉంది?’ అని కాదు. ‘ఈసీయూ రీమ్యాప్ ఎప్పుడైనా చేయించారా? ట్యూనింగ్ బాక్స్ పెట్టారా? ఈజీఆర్, డీపీఎఫ్ తీయించారా?’ అని సూటిగా అడగాలి. చేయించలేదంటే ఆ మాటే అమ్మకం కాగితంలో రాసివ్వమనాలి. నిజంగా చేయించనివారు రాయడానికి వెనకాడరు. తెలియని డీలరైతే ‘నాకు తెలీదు సార్’ అంటాడు. అదీ ఒక జవాబే, పాత యజమాని ఫోన్ నంబరు అడగడానికి దారి దొరికినట్టే.

సర్వీసు బిల్లులు తప్పక తిరగేయాలి. 40 వేల కిలోమీటర్లకే క్లచ్ మార్చిన బిల్లుందా? టర్బో మార్చారా? వారంటీలో ఉండగానే షోరూం మానేసి బయటి గ్యారేజీకి వెళ్లడం మొదలుపెట్టారా? సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టి నడిపేవారికీ అది తొందరగా పోతుంది. కాబట్టి ఒక్క బిల్లు చూసి తీర్పు చెప్పకూడదు. అనుమానాల జాబితాలో ఒకటి చేర్చుకోవాలి, అంతే.

టాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకు మారిన బండైతే ఇంకో ప్రశ్న. అలాంటి కార్లకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా వేగ నియంత్రణ ఉంటుంది. కొన్ని మోడళ్లలో అది ఈసీయూలోనే ఉంటుంది. ఇప్పుడు బండి అంతకు మించి పోతోందంటే ఆ నియంత్రణను ఎవరు, ఎక్కడ, ఏ కాగితంతో తీశారో అడగాలి.

తర్వాత కంటితో...

బానెట్ ఎత్తాక ఈసీయూ ఎక్కడుందో చూపించమని మెకానిక్‌ని అడగండి. చాలా కార్లలో బ్యాటరీ పక్కనే ఉంటుంది. కొన్నింటిలో డ్యాష్‌బోర్డ్ వెనక ఉంటుంది. మూత అంచుల్లో స్క్రూడ్రైవర్ పెట్టి లేపిన గీతలున్నాయా? కొత్తగా పూసిన జిగురు కనిపిస్తోందా? స్టిక్కర్ చిరిగి ఉందా? స్క్రూల తలలు అరిగిపోయాయా? చూడటమే... విప్పే ప్రయత్నం చేయొద్దు.

మూత తెరిచిన గుర్తులుంటే అది ట్యూనింగే కానక్కర్లేదు. నీళ్లు చేరి రిపేరు చేసి ఉండొచ్చు. అది ఇంకా ప్రమాదం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడలోనూ వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి. అందుకే తెరిచిన ఈసీయూ కనిపిస్తే సీటు కింది కార్పెట్ ఎత్తి బురద, తుప్పు ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

ఇంజిన్ ముందుభాగంలో డీజిలు గొట్టం మీది సెన్సర్ కనెక్టర్ దగ్గర వైర్లు చూడండి. కంపెనీ టేపు విప్పి మళ్లీ చుట్టినట్టుంటే, అక్కర్లేనిచోట ప్లాస్టిక్ ట్యాగులు మిగిలి ఉంటే ట్యూనింగ్ బాక్స్ పెట్టి తీశారేమోనని అనుమానించాలి. కంపెనీది కాని ఎయిర్ ఫిల్టర్, లావుపాటి సైలెన్సర్, పెద్ద ఇంటర్‌కూలర్... ఇవన్నీ వేగం మీద మోజున్న యజమాని సంతకాలు. బయట ఇన్ని మార్చినవారు లోపల ప్రోగ్రాంని వదిలేసి ఉంటారా?

బీఎస్-6 డీజిల్ కారైతే ఇంకో తేలిక పరీక్ష ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. డీపీఎఫ్ సరిగా పనిచేస్తున్న బండిలో గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. గుడ్డ కాటుకలా నల్లబడిందంటే ఫిల్టర్ పగిలిపోయి ఉండాలి, లేదంటే తీసేసి ఉండాలి.

ఆపైన కాలితో...

ట్రయల్‌కి ఇంటి చుట్టూ ఒక రౌండు చాలదు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకుని నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి ఆక్సిలరేటర్‌ని గట్టిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు, మీటరులో ముల్లు గబగబా పెరుగుతున్నా కారు వేగం అంతగా పెరగడం లేదంటే క్లచ్ స్లిప్పవుతున్నట్టే. ఇంజిన్ శక్తి ఎక్కువై క్లచ్ పట్టు చాలకపోయినప్పుడు మొదట బయటపడేది ఈ లక్షణమే. అదే సమయంలో వెనక అద్దంలో చూడండి. నల్లటి పొగ మబ్బులా లేస్తే డీజిలు అవసరానికి మించి పడుతోందన్నమాట. ఇంజెక్టర్లు పాడైనా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా పొగ వస్తుంది. కాబట్టి ఇదీ ఒక సూచనే.

‘పికప్ ఎక్కువ’ అన్నది దేనితో పోల్చి? అందుకే అదే మోడల్, అదే సంవత్సరం కారును తెలిసినవారి దగ్గర ఒకసారి నడిపి చూస్తే మంచిది. ఇంకా కచ్చితంగా కావాలంటే డైనమోమీటర్ ఉన్న వర్క్‌షాపులో చక్రాల దగ్గర శక్తి కొలిపించవచ్చు. గేర్‌బాక్స్, ఇరుసుల్లో కొంత శక్తి ఖర్చవుతుంది కాబట్టి మంచి కారుకు అక్కడ వచ్చే అంకె కంపెనీ చెప్పినదానికన్నా తక్కువ ఉండాలి. సమానంగానో ఎక్కువగానో వచ్చిందంటే ఆలోచించాల్సిందే.

చివరగా కంప్యూటర్‌తో...

మనదేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయింది. ఆ సాకెట్‌కి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతుంది. ఫోన్లో యాప్ వేసుకుంటే చాలు. దీంతో ప్రధానంగా మూడు విషయాలు చూడొచ్చు. అయితే అన్ని కార్లూ అన్ని వివరాలూ చెప్పవు.

ఒకటి, లోపాల కోడ్‌లు తుడిచేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్న లెక్క. అది పదో ఇరవయ్యో ఉంటే ‘నిన్ననే ఎందుకు తుడిచారు?’ అని అడగాలి. బ్యాటరీ మార్చారని చెబితే బిల్లు చూపించమనాలి.

రెండు, నడుస్తున్నప్పుడు టర్బో ఒత్తిడి. గట్టిగా తొక్కినప్పుడు ఎంతదాకా వెళ్తోందో రాసుకుని, అదే మోడల్ ఇంకో కారుతో పోల్చాలి.

మూడోది ముఖ్యమైనది. ఈసీయూ అడిగితే తనలో ఉన్న ప్రోగ్రాం పేరును, అంటే కాలిబ్రేషన్ ఐడీని చెబుతుంది. దాంతోపాటు సీవీఎన్ అనే సంఖ్యనూ ఇస్తుంది. ప్రోగ్రాంలోని అంకెలన్నిటినీ ఒక పద్ధతిలో లెక్కకట్టి తేల్చిన మొత్తం అది. లోపల ఒక్క అంకె మారినా ఈ మొత్తం మారాలి. పేరు కంపెనీదే ఉండి మొత్తం తేడాగా ఉంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. ఆరితేరిన ట్యూనర్లు ఈ సంఖ్య కూడా పాతదే చూపించేలా రాయగలరు. కాబట్టి సంఖ్య తేడా ఉంటే అనుమానం బలపడుతుంది. సరిపోయినంత మాత్రాన బండి నిర్దోషి అయిపోదు.

ఈ సంఖ్యల్ని సరిపోల్చడానికి సరైన చోటు ఆ కంపెనీ సర్వీస్ సెంటరే. కొనేముందు తనిఖీ చేయించుకుంటామంటే డబ్బు తీసుకుని చేస్తారు. బండి నంబరుతో వాళ్ల రికార్డులో ఏ ప్రోగ్రాం ఉండాలో, ఇప్పుడు ఏది ఉందో చూడమని ప్రత్యేకంగా అడగాలి. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ గ్రూపు కార్లలో చాలావాటికి ఈసీయూ తనలో ఎన్నిసార్లు ప్రోగ్రాం ఎక్కించారో లెక్క కూడా రాసుకుంటుంది. సర్వీస్ సెంటరు రెండుసార్లు మార్చిందని రికార్డులో ఉండి, ఈసీయూ ఐదుసార్లు అంటుంటే మిగతా మూడూ ఎవరు చేశారు? పాత ప్రోగ్రాం తిరిగి ఎక్కించినవారిని కూడా కొన్నిసార్లు పట్టించేది ఈ లెక్కే. దీన్నీ తప్పించుకునే పరికరాలున్నాయి, అది వేరే సంగతి.

అంకె మారితే మోసమేనా?

కానక్కర్లేదు. కంపెనీలే ప్రోగ్రాంని మారుస్తుంటాయి. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఫోక్స్‌వ్యాగన్‌దే. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రం పొగ తగ్గించే ప్రోగ్రాంని ఆ కంపెనీ తన డీజిల్ కార్లలో పెట్టిందని 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో ఆ ప్రోగ్రాం ఉందని కంపెనీ ఒప్పుకుంది. మనదేశంలోనూ 3,23,700 కార్లను వెనక్కి పిలిచి ప్రోగ్రాం మారుస్తామని ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించింది. వాటిలో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీ మూడూ ఉన్నాయి.

అంటే ఆ కాలం నాటి డీజిల్ కారులో ప్రోగ్రాం నంబరు ఫ్యాక్టరీనాటిది కాకపోతే, అది రీకాల్‌లో మార్చినదే కావొచ్చు. సర్వీస్ సెంటర్ రికార్డులో ఆ మార్పు నమోదై ఉందా అన్నది చూసుకుంటే చాలు.

చట్టం ఏమంటుంది?

తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకీ ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చేయించింది పాత యజమానే కావొచ్చు. ఆర్సీ పేరు మారాక రోడ్డు మీద ఆపినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం కొత్త యజమానే.

‘పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా’ అన్న ధీమా పనికిరాదు. డీజిల్ కారుకు ఆ కేంద్రాల్లో చూసేది పొగ ఎంత చిక్కగా ఉందనే. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి అది చెప్పదు. ఈజీఆర్ మూసేస్తే పెరిగేవి సరిగ్గా అవే. ఆ గాలి పీల్చేది స్కూలు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డ పిల్లలే.

బీమా సంగతీ మరవకూడదు. బండిలో మార్పులు చేస్తే బీమా సంస్థకు చెప్పాలి. చెప్పకపోతే క్లెయిము రోజున అదే పేచీ అవుతుంది. వారంటీ ఇంకా మిగిలిందని నాలుగు రాళ్లు ఎక్కువ పెట్టి కొన్న బండికి, ట్యూనింగ్ బయటపడితే ఇంజిన్, గేర్‌బాక్స్ ఖర్చు కంపెనీ కాదనొచ్చు.

బయటపడితే...

ట్యూనైన ప్రతి బండీ చెత్తదని కాదు. ఒద్దికగా చేయించి, ఆయిల్ సమయానికి మార్పించి, కొనేవారికి దాచకుండా చెప్పే యజమానులూ ఉన్నారు. ఆ బండి, ఏమీ తెలియనట్టు నటించేవాడి బండికన్నా నయం. అలాంటప్పుడు మూడు పనులు చేయాలి. కంపెనీ ప్రోగ్రాంని సర్వీస్ సెంటర్లోనే తిరిగి ఎక్కించమనాలి. తీసేసిన ఈజీఆర్, డీపీఎఫ్ లాంటివి అమ్మేవారి ఖర్చుతో పెట్టించాలి. క్లచ్, టర్బో తనిఖీ చేయించి, వాటి ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి. ఈ మూడింటిలో దేనికీ ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోవడమే. మార్కెట్లో కార్లకు కొదవా?

ట్రయల్‌లో ఒంటికి హాయిగా తగిలే ఆ పికప్‌ని ఎవరో అప్పు చేసి వాడుకున్నారనుకోండి. తీర్చాల్సింది తర్వాత కొన్నవారే!

అడ్వాన్సు ఇచ్చేముందు...

* రీమ్యాప్, ట్యూనింగ్ బాక్స్, ఈజీఆర్, డీపీఎఫ్... నాలుగింటి పేర్లూ చెప్పి అడగండి. జవాబు రాయించుకోండి.

* క్లచ్, టర్బో బిల్లులు ఏ కిలోమీటర్ల దగ్గర ఉన్నాయో చూడండి.

* ఈసీయూ మూత, స్క్రూలు, సెన్సర్ వైర్లు గమనించండి.

* నాలుగో గేరులో క్లచ్ పరీక్ష చేయండి. వెనక పొగ చూడండి.

* అదే మోడల్ ఇంకో కారును నడిపి పోల్చుకోండి.

* కోడ్‌లు ఎప్పుడు తుడిచారో స్కానర్‌తో తెలుసుకోండి.

* కంపెనీ సర్వీస్ సెంటర్లో ప్రోగ్రాం నంబరు సరిపోల్చమనండి. అమ్మేవారు అక్కడికి బండి తేనంటే... అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి!